శాలువాలు చాలు, మైకు ఇవ్వండి

మొదటి బహుమతి మిక్సీ. రెండో బహుమతి ప్రెషర్ కుక్కరు. మూడోది నాన్‌స్టిక్ పెనం. ఓడినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా తలా ఒక స్టీలు డబ్బా. మార్చి 8న మన ఊళ్లలో జరిగే ముగ్గుల పోటీల బహుమతులివి. ఊరి పేరు మార్చి చూసుకోండి, జాబితా పెద్దగా మారదు. పొద్దున్నే వంట ముగించి, పిల్లల్ని బడికి తోలి, ఎండలో నడుం వంచి గంటల తరబడి ముగ్గు పెట్టిన మనిషికి ఇచ్చే ప్రతి బహుమానమూ ఆమెను తిరిగి వంటింట్లోకే పంపుతుంది. పైన బ్యానరు మీద మాత్రం ‘మహిళా సాధికారత’ అని బంగారు రంగు అక్షరాలు.

ముగ్గు మీద నాకు కోపం లేదు. ఉంటే నా చేతులే నన్ను తిడతాయి. ఇరవై ఒక్క చుక్క, సందు చుక్క పదకొండు వరకు అని ఒక్క మాట చెబితే చాలు, కాగితం లేకుండా, స్కేలు లేకుండా, నేల మీద ఒక్క గీత వంకరపోకుండా దించగల చేతులు మన గడపగడపకూ ఉన్నాయి. అది కళే, లెక్కలు తెలిసిన కళ. నా కోపం ఆ కళను ఏంచేశారన్నదాని మీద. జీవితంలో ఎన్నడూ ముగ్గుపిండి ముట్టని అధికారి వచ్చి దానికి మార్కులు వేస్తాడు. గీసినామె పేరు ఏ పేపర్లోనూ రాదు. సాయంత్రానికి మున్సిపాలిటీ ట్యాంకరు వచ్చి కడిగేస్తుంది. మర్నాటి జిల్లా ఎడిషన్‌లో మిగిలేది ముగ్గు మధ్యలో బూట్లతో నిలబడ్డ ఎమ్మెల్యే.

ఈమధ్య ముగ్గులకు తోడు గోడలు కూడా వచ్చి చేరాయి. ఫ్లైఓవర్ స్తంభాల మీద, కలెక్టరేటు ప్రహరీల మీద, బస్టాండు గోడల మీద ‘స్త్రీ శక్తి’ బొమ్మలు. వాటిలో ఒక బొమ్మ మరీ ఎక్కువ. పది చేతుల స్త్రీ. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో లాప్‌టాప్, ఒకదాంట్లో పసిబిడ్డ, ఒకదాంట్లో చీపురు, ఒకదాంట్లో పిల్లవాడి హోంవర్కు, ఇంకోదాంట్లో అత్తగారి మందుల సీసా. ఇన్ని మోస్తూ కూడా మొహాన చెరగని చిరునవ్వు. ఆ గోడ ముందు నిలబడి మనవాళ్లు భక్తిగా సెల్ఫీలు దిగుతారు. నాకు మాత్రం అది నేరారోపణ పత్రంలా కనిపిస్తుంది. ఆ చేతుల్లో సగానికి పైగా ఇంటిపనే ఉంది. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు కదా, రెండు చేతులున్నవాడు? బొమ్మలో అతనెక్కడ? ఆమెకు పది చేతులు మొలిపించడం తేలిక. అతని రెండు చేతులు కదిలించడమే కష్టం. అందుకే మనం తేలికైన బొమ్మే గీసుకున్నాం.

లెక్క కావాలంటే కేంద్ర ప్రభుత్వమే తీసిపెట్టింది. ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు ఖర్చు చేస్తున్నారో తెలుసుకోవడానికి 2019లో దేశమంతటా సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు ఆ పైసా రాని పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. చెయ్యే పెట్టనివాళ్లు ఈ సగటులో లేరని గుర్తుంచుకోండి. 2024లో మళ్లీ సర్వే చేశారు. ఆడవాళ్లది 289 నిమిషాలయింది. అయిదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లది 88కి వచ్చింది. అంటే వాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఈ మధ్యలో ఎన్ని గోడలకు రంగులు వేశారు, ఎంతమందికి శాలువాలు కప్పారు? పది నిమిషాలు.

బొమ్మ గీయాల్సిందే అంటే ఏం గీయాలో చెబుతాను. పోచంపల్లి చీరకు ఆసు పోయడమని ఒక పని ఉంది. మగ్గం ఎక్కకముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నేసేది మగవాడైనా ఈ పని ఇంటి ఆడదానిది. భుజాలు పడిపోయేది ఆమెకే. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే యువకుడు తల్లి లక్ష్మి భుజం నొప్పి చూశాడు. ఊళ్లోవాళ్లు నవ్వినా, అప్పులైనా వదలకుండా ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆ పని చేసే యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కొడుకు అమ్మ ఓర్పు మీద పాట కట్టలేదు. అమ్మకు పదో చెయ్యి గీయలేదు. అసలా పనే ఆమె చేతిలోంచి తీసేశాడు. మన భాషలో ఇంతకన్నా మంచి మహిళా దినోత్సవ ప్రసంగం నేను వినలేదు.

ఇక అసలు ప్రసంగాల సంగతి. ఫ్లెక్సీ నిండా మీసాలు. ఆడమనిషి ఉండేది ఓ మూల, ముఖం లేని నల్లటి నీడగా, చేతులు పైకెత్తి ఎగురుతూ. వేదిక మీద సర్పంచ్ గారి భర్త. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకని చట్టం చెప్పింది గానీ ఆయన కుర్చీ వదలాలని ఎవరూ చెప్పలేదాయె! గెలిచినామె కింద మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటుంది. ఆయన లేచి ‘భూదేవంత ఓర్పు’ అంటాడు. పక్కనున్నాయన ‘అమ్మ, అక్క, చెల్లి, భార్య’ అని వరసలు చదువుతాడు. ఆడమనిషికి ఎవరో ఒకరి వరస తగిలిస్తే తప్ప ఆమెను గౌరవించడం ఆయనకు చేతకాదు. సభ మొత్తం మీద ఆడవాళ్లను మెచ్చుకునేది ఒకే ఒక్క గుణానికి, భరించినందుకు. భరించకపోతే ఏమంటారో ఆ సభకొచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఒకసారి ఇలాంటి సభకే నన్నూ పిలిచారు. ముందురోజు రాత్రి నిర్వాహకుల నుంచి ఫోను. “మేడమ్, కొంచెం పాజిటివ్‌గా మాట్లాడండి. ఆస్తి గొడవలూ, మందు గొడవలూ ఎత్తకండి. పండగ వాతావరణం పాడవుతుంది.” నేను వెళ్లి ఆ రెండే మాట్లాడాను. కిందనున్న ఆడవాళ్లు మొదట నివ్వెరపోయి, తర్వాత నవ్వి, ఆ తర్వాత మైకు అడిగారు. సమయం లేదన్నారు. మర్నాడు నిర్వాహకులు మర్యాదగా దండం పెట్టి బస్సెక్కించారు. మళ్లీ పిలవలేదు.

మందు గొడవ వద్దన్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపమనే సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊరూరా కళాజాతాలు తిరిగాయి. పాటలు, వీధి నాటకాలు, రచ్చబండ మీద చర్చలు. ఇప్పుడు మనం ‘కమ్యూనిటీ ఆర్ట్’ అని గొప్పగా పిలుచుకునేది అదే. రాత్రి బడుల్లో లాంతరు కింద కూలినాలి చేసుకునే ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ తమ గురించి మాట్లాడుకున్నారు. మాటల్లో మాట, కూలి డబ్బులు ఎటు పోతున్నాయన్న ప్రశ్న వచ్చింది. సారా కొట్టు దగ్గరికి పోతున్నాయి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై ఊళ్లో సారా అమ్మకం ఆపేశారు. ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత దూబగుంట రోశమ్మగా లోకమంతా తెలిసింది. అసలు కథ ఆ తర్వాత. ఈ గెలుపు రాత్రి బడి వాచకంలో పాఠమైంది. ఆడవాళ్లు తమ కథనే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నారు. చదివిన ఊరల్లా దూబగుంట కావాలనుకుంది. సారా ప్యాకెట్లు తగలబెట్టారు. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్య నిషేధం హామీతో ఎన్టీ రామారావు గెలిచారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు. ఎందుకు సడలించారో ఖజానాను అడగాలి.

ఒక పాట, ఒక నాటకం, ఒక పాఠం, కాసిని మాటలు. మార్చి 8 కార్యక్రమాల్లో ఉండేవి కూడా ఇవే కదా! మరి ఒకచోట ప్రభుత్వాలు కదిలాయి, ఇంకోచోట స్టీలు డబ్బాలు చేతులు మారుతున్నాయి. తేడా ఎక్కడుంది? నెల్లూరులో విషయం ఆడవాళ్లు ఎంచుకున్నారు. ఆ విషయానికి ఒక ముద్దాయి ఉన్నాడు. సారా కాంట్రాక్టరుకు నిద్ర పట్టలేదు. ఇవాళ మీ ఊళ్లో జరిగే మహిళా దినోత్సవం వల్ల ఎవరికైనా నిద్ర చెడుతోందా? వేదిక మీది కాంట్రాక్టరు హాయిగా కాజూలు నములుతున్నాడంటే, అక్కడ జరిగేది ఆయన పండగే.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1940ల్లో ప్రజానాట్యమండలి రోజుల్లో ఆడవాళ్లు కాలికి గజ్జె కట్టి, భుజాన తంబుర పెట్టి బుర్రకథ చెప్పారు. బుర్రకథ అంటే అప్పటిదాకా మగవాళ్ల రాజ్యం. మోటూరి ఉదయం లాంటివాళ్లు మహిళా దళం కట్టి ఆ వేదిక ఎక్కారు. కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడారు, నాటకాలాడారు. ఆడవాళ్లు అలా ఊళ్లు తిరిగి పాడితే దొరలకు, సర్కారుకు ఎంత గుచ్చుకుందంటే బుర్రకథ మీద నిషేధం పెట్టారు. ఇప్పటి మన మహిళా దినోత్సవ నృత్యరూపకాన్ని నిషేధించాలన్న ఆలోచన ఏ ప్రభుత్వానికైనా వస్తుందా? నిషేధించడం అటుంచి, స్పాన్సర్ చేస్తోంది.

అయితే ఆ ఎర్రజెండా వైపు గురించి కూడా నీళ్లు నమలకుండా మాట్లాడుకోవాలి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పిన కథలవి. తుపాకి పట్టి, కొరియర్లుగా అడవులు తిరిగి, బిడ్డల్ని వదులుకున్నవాళ్లకు పోరాటం ఆగాక దొరికిన సలహా ఇంటికి పోయి కాపురాలు చేసుకోమని. పోరాడేటప్పుడు వీరనారి, గెలుపోటములు తేలాక వంటమనిషి. ఎర్రజెండా కింద కూడా ఇదే జరిగిందంటే పసుపు, గులాబీ, మూడు రంగుల జెండాల కింద ఏం జరుగుతుందో వేరే చెప్పాలా!

పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాలకు ఎదురు నిలబడి, తాను కౌలుకు చేసిన పొలంలో పంట దక్కించుకుంది చాకలి ఐలమ్మ. ఆమెకు విగ్రహాలు పెట్టాం. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మంచిదే. కానీ ఐలమ్మ పోరాడింది పేరు కోసం కాదు, భూమి కోసం. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 1985 సెప్టెంబరు నుంచే వర్తిస్తుందని అందులో రాశారు. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందున్నామని గర్వపడదాం. గర్వపడుతూ ఓసారి రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుందాం. అన్నదమ్ములు కారులో తీసుకొస్తారు. పట్టుచీర, పసుపు కుంకుమ, గాజులు. “నీకు పుట్టిల్లు కావాలా, పొలం కావాలా?” అని ఎవరూ పైకి అడగరు. అడగకుండానే ఆమె హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెడుతుంది. అక్కడ చీర పెట్టి పొలం తీసుకుంటారు, ఇక్కడ శాలువా కప్పి నోరు మూయిస్తారు. ఐలమ్మ బొమ్మ గీసిన గోడకు ఎదురుగా ఎన్ని ఊళ్లలో ఈ సంతకాలు జరుగుతున్నాయో ఐలమ్మ జయంతి నాడు ఎవరైనా అడిగారా?

అంగన్‌వాడీల సంగతి కూడా ఇదే దారి. ఏటా మార్చి 8న సన్మానాల వరసలో ముందుండేది వాళ్లే. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. అప్పటికి నెలకు కార్యకర్తకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. పెంచమన్నారు, గ్రాట్యుటీ ఇమ్మన్నారు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. సంక్రాంతి పండగ శిబిరాల్లోనే చేసుకున్నారు. జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవలు అందించేవాళ్లు సమ్మె చేయకూడదట! జీతం అడిగినప్పుడు అత్యవసరం, ఇచ్చేటప్పుడు గౌరవ వేతనం. ఆ సర్కారు మారింది, ఇంకోటి వచ్చింది. శాలువా కొట్టు మాత్రం మారలేదు.

మరి మంచి ఉదాహరణే లేదా అంటారు. ఉంది. జహీరాబాదు వెళ్లండి.

పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నాయి. ఎక్కువమంది దళిత ఆడవాళ్లు, ఎకరం రెండెకరాల చెలకలవాళ్లు. ఏటా సంక్రాంతికి వాళ్లు పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్లకు రంగులేసి, తోరణాలు కట్టి, వాటి మీద కుండల్లో గంపల్లో విత్తనాలు పేర్చుకుంటారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము. దాదాపు నెలరోజులు ఊరి నుంచి ఊరికి డప్పులతో, పాటలతో ఊరేగింపు. బండి ఊరి నడుమ ఆగాక కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరింట్లో ఏ విత్తనం మిగిలింది, ఏ పంట ఎందుకు పోయింది, రేషన్ షాపులో బియ్యమే ఎందుకు ఇస్తున్నారు, జొన్నలెందుకు ఇవ్వరు? బండి మీద అలంకారం ఎంత అందంగా ఉంటుందో ప్రశ్న అంత పదునుగా ఉంటుంది. ఆ బొమ్మలు గీసినవాళ్లూ వాళ్లే, పాడినవాళ్లూ వాళ్లే, మాట్లాడేదీ వాళ్లే. ముఖ్య అతిథి ఉంటే ఉంటాడు, లేకపోయినా జాతర ఆగదు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్య సమితి ప్రకటించడానికి చాలా ఏళ్ల ముందు నుంచే ఈ బండ్లు తిరుగుతున్నాయి.

అంతటితో ఆగలేదు. చదువు రాని ఆ ఆడవాళ్లే కెమెరాలు పట్టారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల పొలాల్లో తిరిగి, వాళ్ల మాటల్ని సినిమా తీశారు. విత్తన కంపెనీ ప్రకటన ఒకటి చెబుతుంటే పొలం ఇంకోటి చెప్పింది. రేడియో కూడా పెట్టుకున్నారు. 1990ల చివర్లోనే మాచ్‌నూరులో ఏర్పాట్లు చేసుకున్నా అప్పటి నిబంధనలు లైసెన్సు రానివ్వలేదు. వాళ్లు ఊరుకోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించుకుంటూ ఎదురుచూశారు. 2006లో విధానం మారింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలుపెట్టింది. తమ యాసలో, తమ పంటల గురించి, తమ రోగాల గురించి, తమ పాటలతో. మైకు ఎవరూ ఇవ్వకపోతే ఏం చేయాలో వాళ్లు చూపించారు. సొంత టవరు వేసుకున్నారు.

“ఏడాదికి ఒక్కరోజు ఆడవాళ్లు సరదాగా గడిపితే నీకేం పోయింది?” అని కొందరు అడుగుతారు. ఏమీ పోలేదు. సరదాగా గడపడానికి పూర్తి హక్కుంది. స్నేహితురాళ్లతో కలిసి సినిమాకు వెళ్లండి, తాంబోలా ఆడండి, ఊరంతా రంగులు చల్లండి. దాన్ని సరదా అనే పిలవండి. కాని ఈ తేదీకి ఒక చరిత్ర ఉంది. 1910లో కోపెన్‌హేగన్‌లో క్లారా జెట్కిన్ ప్రతిపాదించిన మహిళా దినోత్సవం తర్వాత స్థిరపడిన తేదీ ఇది. 1917లో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం వీధుల్లోకొచ్చి జారు సింహాసనం కూలడానికి నాంది పలికిన రోజు ఇది. అలాంటి తేదీని తీసుకుపోయి చీరల దుకాణం డిస్కౌంటు ప్రకటనకు తగిలిస్తే ఊరుకోమంటారా?

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. “గుర్తింపు ఇస్తున్నాం కదా?” గుర్తింపు ఎలా ఇస్తారో చూశాం. బండారు అచ్చమాంబ 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. అదే ఏడు మచిలీపట్నంలో మహిళల సమాజం పెట్టింది. ముప్ఫై ఒకటో ఏటే చనిపోయింది. తొలి తెలుగు కథ ఏది అంటే మాత్రం దశాబ్దాల తరబడి మన పాఠ్యపుస్తకాలు 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ పేరే చెప్పించాయి. గురజాడ గొప్పవాడే. ఆయన పేరు నిలవడానికి అచ్చమాంబ పేరు పోవాల్సిన పనేముంది? బతికున్నప్పుడు వేదిక ఇవ్వకపోవడం, పోయాక పేరు ఇవ్వకపోవడం, మధ్యలో ఒక శాలువా!

వచ్చే మార్చి 8 ఏర్పాట్లు చేసేవాళ్లకు చెబుతున్నాను. ఫ్లెక్సీ మీంచి మీ బొమ్మ తీసేయండి. ముగ్గుల పోటీ పెట్టండి, కానీ గీసిన ప్రతి ఆమె పేరూ ముగ్గు పక్కన రాయించండి, బహుమతి నగదుగా ఆమె బ్యాంకు ఖాతాలో వేయండి. గోడ మీద బొమ్మ వేయించాలంటే ఏ బొమ్మ వేయాలో ఆ వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని అడగండి. ఆమె పది చేతులు అడగదు, చేతి తొడుగులు అడుగుతుంది. గీసిన కళాకారిణికి కూలి ఇవ్వండి, ‘సేవ’ అని ఎగ్గొట్టకండి. మీ మండలంలో ఆ ఏడాది హక్కు వదులుకుంటూ సంతకం పెట్టిన అక్కచెల్లెళ్ల విడుదల పత్రాలు ఎన్ని రిజిస్టరయ్యాయో సమాచార హక్కు చట్టం కింద అడిగి, ఆ అంకె సభలో చదవండి. సర్పంచ్ గారి భర్తను సాదరంగా ఆహ్వానించి, కింద మూడో వరుసలో కూర్చోబెట్టండి. టీలు ఆయన్ను అందివ్వమనండి.

సభకు వెళ్లే ఆడవాళ్లకు చెప్పేది ఒక్కటే. శాలువా కప్పడానికి వస్తే భుజం వంచకండి. ముందు మైకు అడగండి. సమయం లేదంటే, ఆ మీసాలాయన ఇంతసేపు మాట్లాడాడు కదా, ఆ సమయం ఎక్కడిదని అందరికీ వినపడేలా అడగండి.